గాలి చూసి వేదిక వేసిన మనిషి

నిన్న పొద్దున చిలకలూరిపేట దాటగానే బస్సు కిటికీలోంచి ఎండుమిరప ఘాటు గుప్పున కొట్టింది. బస్సంతా తుమ్ములే. అందరూ విసుక్కుంటూ అద్దాలు మూసుకున్నారు. నాకు మాత్రం కరుణమ్మ గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పేటలో టైలరు షాపు మీద ఒక్క గది ఆమె ఆఫీసు. బుర్రకథ, కోలాటం, తోలుబొమ్మలు నమ్ముకుని సొంతంగా బతికే కళాకారులకు కావలసిన పనులన్నీ అక్కడే జరిగేవి. దరఖాస్తులు, పోలీసు అనుమతులు, వ్యాను, మైకు, భోజనాలు. “వాళ్ళు పాడాలి, మిగతా గోలంతా మనది” అనేవారు. చర్చి స్కూల్లో గుమస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఏ కాగితమైనా ఆమె చేతిలో పడితే బుద్ధిగా నడిచేది. డిగ్రీ అయ్యాక నేను ఆమె దగ్గర పనికి చేరాను.

ఆమెకో పద్ధతి ఉండేది. కార్యక్రమానికి ముందురోజు అదే వేళకు ఆ ఊరు వెళ్ళి, వేదిక వేసే చోట నిలబడి, గొంతెత్తి ఒక కీర్తన పాడేవారు. ఊళ్ళోవాళ్ళు గుమిగూడేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

“మైకు కూడా లేకుండా ఎవరి కోసమండీ?” అని ఓసారి అడిగేశాను.

“గాలి కోసం సలీమా. మిరపకాయల కాలంలో ముందు నా గొంతు దగ్గాలి, వాళ్ళది కాదు” అన్నారు.

ఆ తర్వాతి వేసవిలో సుబ్బరత్నం గారి బుర్రకథ పెట్టించాం. గొంతు ఆపరేషనయ్యాక రెండేళ్ళు ఆమె పాడలేదు. రాష్ట్రమంతా తిరిగే కార్యక్రమాలకు దళాలను ఎంపిక చేయడానికి విజయవాడ నుంచి ముగ్గురు అధికారులు వస్తున్నారు. ఇది తప్పితే దళం విడిపోతుందని వంత పాడేవాళ్ళు ముందే చెప్పేశారు. స్థలం చూసే పని నాది. నిర్వాహకులు వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. వేదిక బాగుంది, నీడ ఉంది. ఇంకేం కావాలనుకున్నాను. “వెళ్ళొచ్చావా?” అని కరుణమ్మ గారు అడిగితే, వెళ్ళొచ్చానండి అన్నాను.

మర్నాడు వ్యాను దిగీ దిగగానే సుబ్బరత్నం గారికి దగ్గు తెర వచ్చింది. వేదిక వెనక గోడ అవతలే మిరప కల్లం. కాయలు బస్తాల్లో కూరి కాళ్ళతో తొక్కుతున్నారు. గాలి సరిగ్గా మా మీదికే.

కరుణమ్మ గారు నావైపు చూశారు. “నిన్న ఇక్కడ ఊపిరి పీల్చావా?”

నేను తల దించుకున్నాను. ఆమె తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళారు.

“అయ్యా, తప్పు మా ఆఫీసుది. అంటే నాది. ఈ ఘాటులో ఈమెని పాడించలేను. కల్లానికి అవతల, గాలి వచ్చే వైపు చర్చి ఆవరణ ఉంది. దయచేసి అందరూ అటు నడవండి.”

అధికారుల్లో ఒకాయన చికాకుపడ్డాడు. “మాకు ఇంకో ఊరు ఉందండీ. ఇక్కడే కానివ్వండి, పది నిమిషాలేగా!”

“పది నిమిషాలు మీకండీ. ఆవిడకి రెండేళ్ళు.”

ఆయన వాచీ చూసుకుని లేచాడు. జనం ఎవరి కుర్చీ వాళ్ళే నెత్తిన పెట్టుకుని నడిచారు. చర్చి ముందు సుబ్బరత్నం గారు మంచినీళ్ళు తాగి, తంబుర భుజానికెత్తుకుని మొదలుపెట్టారు. మొదటి చరణంలో గొంతు కాస్త బొంగురుపోయింది. రెండోదానికి విచ్చుకుంది. పది నిమిషాలని వచ్చిన అధికారులు గంటసేపు కదల్లేదు. పదిహేను రోజులకు ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది.

ఆ రోజు తిరిగొస్తుంటే వ్యానులో ఏడ్చేశాను. “స్థలం చూడ్డానికి వెళ్ళలేదని నేనే అందరి ముందూ చెప్పాల్సిందండీ.”

“చెబితే వాళ్ళు నిన్ను చూస్తూ కూచుంటారు, పాట వినరు. నాకు చెప్పావుగా, చాలు” అన్నారు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

కరుణమ్మ గారు పోయి రెండేళ్ళయింది. ఆఫీసు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నానని ఎక్కడికి వెళ్ళినా గర్వంగా చెప్పుకుంటాను. మొన్న మంగళగిరిలో నాతో పనిచేసే అమ్మాయి అనుమతి కాగితం తేవడం మరిచిపోయింది. కోలాటం వాళ్ళు గజ్జెలు కట్టుకుని నిలబడిపోయారు. నేను అధికారుల ముందుకెళ్ళి, తప్పు నాదని చెప్పి, గంట గడువు అడిగి తీసుకున్నాను. పక్కకొచ్చాక చూసుకుంటే కాళ్ళు వణుకుతున్నాయి. ఆ రోజు కరుణమ్మ గారివీ వణికే ఉంటాయి. మాకెవరికీ కనపడనివ్వలేదు.