మట్టి ఎర్రన, ఇనుము నలుపు

నాలుగో తరగతిలో సైన్సు అయ్యవారు కొట్టిన దెబ్బ నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. ఇనుప గనులుండే మన సండూరు మట్టి ఎర్రగా ఉంటే అందులోంచి వచ్చే ఇనుము నల్లగా ఎందుకుంది అని అడిగాను. అంతే. మరుసటి రోజు నుంచి నేను బడికి పోలేదు.

ఈ పొద్దున నేను టీ అంగడిలో కూర్చుని ఉంటే ఒక కాలేజీ పాప కాగితాలతో వచ్చింది. సైన్సు చదవడం బడిపిల్లలకు ఇష్టమా కాదా అని అడిగే ప్రశ్నలట. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిందట. పిల్లలకిచ్చే ముందు, ఆ తెలుగు నాలాంటివాడికి అర్థమవుతుందో లేదో చూడాలట. చదివింది.

"సైన్సు క్లాసులో ప్రశ్నలడగడం నాకిష్టం."

"శానా ఇష్టం. అడిగే తన్నులు తింటిని. రాసుకో."

"దానికి గడి లేదు తాతా. ఒప్పుకుంటారా, లేదా?"

"ఒప్పుకుంటా. మరి మట్టి ఎర్రగా ఏమిటికి ఉండాది?"

"అది నా పేపర్లో లేదు తాతా."

కాసేపటికి మళ్లీ చదివింది. "ప్రశ్నలడగడం నాకిష్టం లేదు."

"ఇప్పుడే చెప్తిని కదమ్మా! నన్ను నమ్మవా ఏంది?"

"నిజం చెప్తాండారో లేదో తెలిసేకి తిప్పి అడుగుతాం తాతా."

అయ్యవారు కొట్టి వదిలేశాడు, ఈమె కొట్టకుండా దొంగను చేసింది. పైగా సోమవారం వచ్చి ఇవే ప్రశ్నలు మళ్లీ అడుగుతుందట, నా జవాబు మారిందో లేదో చూడడానికి. నా ప్రశ్నే ఇన్నేళ్లుగా మారలేదు, జవాబెలా మారుతుంది?

చదువుకున్నోళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. సోమవారం లోపల ఆ మట్టి సంగతి ఎవరైనా చెప్పండి. చెప్పకపోతే ఆ పాప ముందు నేను నోరు తెరవను.