అగ్గిపెట్టంత ఇంజనుతో రాజమండ్రికి

నిడదవోలులో ఉదయం ఆరూ నలభైకి పాసింజరు ఎక్కాం, నేనూ మా చెల్లెలి కూతురు భారతీ. తను చదివే రాజమండ్రి ఇంజనీరింగు కాలేజీకి ఆ రోజు బెంగుళూరు నుంచి ఒక సైంటిస్టుగారు వస్తున్నారు. రెండేళ్ళు కష్టపడి భారతి చేసిన బుల్లి ప్లాస్మా ఇంజను ఆయన కళ్ళముందు పనిచేస్తే, తమ ల్యాబులో పరీక్షకు తీసుకుంటారు. లేకపోతే అది కాలేజీ బీరువా పాలే.

స్టీలు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పిల్ల. కడియానికి మొక్కల కోసం వెళ్తున్న ఎదుటి సీటావిడ ఉండబట్టలేకపోయింది.

"ఏంటండీ, ఆవకాయా?"

"చిన్న ఉపగ్రహాల్ని ఆకాశంలో జరిపే ఇంజనండి."

"అగ్గిపెట్టంత లేదు! మా ఆయన బండికి పెట్టించండి, అదెలాగూ కదలదు."

అందులో ఉన్నది నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ ముక్క. నిప్పురవ్వ తగిలితే పైపొర ప్లాస్మా అనే కాగే వాయువుగా మారి వెనక్కి చిమ్ముతుంది, ఉపగ్రహం ముందుకు జరుగుతుంది. గాలీ తడీ లేని చోటే పనిచేస్తుంది. మడికట్టుకున్న వంటలా అనుకున్నాను, నాకు వెంటనే అర్థమైంది.

ఏడున్నరకు రాజమండ్రి. మీరెవరైనా వెళ్తే స్టేషను బయటే ఇడ్లీ తినేయండి. కాలేజీలో మర్యాదలన్నీ దాన్ని నడిపే కరస్పాండెంటుగారికే.

తొమ్మిదిన్నరకు ఇంజనును గాజుగంటలో వేలాడదీసి, లోపలి గాలి లాగేసే పంపు వేశారు. సైంటిస్టుగారు పదింటికే వచ్చి ఒక మూల స్టూలు మీద కూర్చున్నారు. ఆయన తిరుగు రైలు నాలుగింటికి. పదిన్నరకు లోపల గాలి ఎంతుందో చూపే ముల్లు సున్నాకు దిగింది, అంతా సిద్ధం. కరస్పాండెంటుగారు మాత్రం పన్నెండున్నరకు వేంచేశారు. పట్టు కండువా, వెనకాల ఫొటోగ్రాఫరు.

"పసుపూ కుంకుమా లేకుండా మొదలెడతారా? తెరవండి!"

"గాలి తీసేశామండీ..." అని భారతి నసిగింది. ప్రిన్సిపాల్‌గారే వంగి తెరిపించారు. ఫొటో బాగా పడేదాకా ఆ మహానుభావుడు టెఫ్లాన్ మీద తడి పసుపు పులిమి, కుంకుమ అద్ది, పైన కొబ్బరినీళ్ళు కూడా చిలకరించారు. అది భక్తి కాదు, కెమెరాకు నైవేద్యం.

మళ్ళీ పంపు వేశారు. లోపలి తడికి గంటన్నరైనా ముల్లు దిగలేదు. సైంటిస్టుగారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. తుడుద్దామంటే అందరూ కరస్పాండెంటుగారి ముఖం చూసేవాళ్ళే. భారతి కళ్ళనిండా నీళ్ళు. గంట తెరిపించి, స్పిరిట్ గుడ్డ నేనే అందుకున్నాను.

"ఏంటమ్మా, కుంకుమ తుడిచేస్తారా! ఆడవారయ్యుండి!"

"ప్రసాదం తీసుకుంటున్నానండి," అని, వేలికంటిన కుంకుమ నుదుట పెట్టుకున్నాను. మిగతాది భారతి శుభ్రం చేసుకుంది.

మూడూ ఇరవైకి ముల్లు దిగింది. భారతి మీట నొక్కింది. ఊదారంగు మెరుపు, అంతే. ఇంజనుకు అంటించిన చిన్న అద్దం నుంచి గోడమీద పడే వెలుగుచుక్క వేలెడు పక్కకు జరిగింది. ఇంజను కదిలిందన్నమాట!

"వచ్చే నెల మా ల్యాబుకు తీసుకురామ్మా," అంటూనే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తారు సైంటిస్టుగారు.

"చూశారా, బొట్టు మహిమ!" అన్నారు కరస్పాండెంటుగారు. ప్రిన్సిపాల్‌గారు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బండి గోదారి వంతెన ఎక్కగానే లేచి నిలబడి దేవుడికి రెండు దణ్ణాలు పెట్టాను. పిల్ల కష్టం నిలబెట్టినందుకు ఒకటి. ఆ ఇంజను తిరగబోయే చోటికి ఏ కరస్పాండెంటు వేలూ అందకుండా ఆకాశాన్ని అంత ఎత్తున పెట్టినందుకు ఇంకొకటి.