తాళం వేసిన దూది

నా చిన్నప్పుడు మా మేనత్త పనిచేసే బైండింగ్ షాపులో గోడకు లక్ష్మీదేవి పటం ఉండేది. దాని కింద మేకుకు ఒక తెల్ల రేకు పెట్టె వేలాడేది. పెట్టె మీద ఎర్ర ప్లస్ గుర్తు, గుర్తు మీద పసుపు, పసుపు మీద కుంకుమ, ఆ పైన ఎండిన బంతిపూల దండ, అన్నిటి కిందా ఒక తాళం. నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో అంత భక్తిగా చూసుకున్న తాళం ఇంకోటి లేదు.

షాపు సేఠుది. పనివాళ్ళున్న చోట ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండి తీరాలని లేబర్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చెప్తే, ఆ సాయంత్రమే అఫ్జల్‌గంజ్ వెళ్ళి కొనుక్కొచ్చాడు. మంచి మనిషే. అయితే పనివాళ్ళు దూది ఇళ్ళకు పట్టుకుపోతారని తాళమేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దసరాకు మిషన్లకు పూజ చేసినప్పుడు పెట్టెకు కూడా ఒక నిమ్మకాయ కట్టాడు. అప్పటినుంచి దాన్ని ముట్టుకోవాలంటే చెప్పులు విప్పాలేమో అన్నట్టు ఉండేవాళ్ళం.

బేగం బజార్ దుకాణాల లెక్కల పుస్తకాలు, గన్‌ఫౌండ్రీ ఆఫీసుల రిజిస్టర్లు అక్కడే కుట్టేవారు. అంచులు కోయడానికి ఒక కటింగ్ మిషన్ ఉండేది. దాని కత్తి నీడ పడినా కాయితం తెగుతుందనేది మా అత్త. తెగడం నేను చూశాను కూడా. ఆ మిషన్ మీద కూర్చునే ముసలాయనను అందరం కటింగ్ తాత అనేవాళ్ళం.

ఒకనాడు సేఠు బేగం బజార్‌కు పోయినప్పుడు తాత చూపుడువేలు కత్తి కిందికి వెళ్ళింది. పెట్టె గోడకుంది, తాళంచెవి బేగం బజార్‌లో ఉంది. మిషన్ తుడిచే నూనె గుడ్డ చుట్టి దవాఖానకు తీసుకెళ్ళారు. వేలు నిలిచింది కానీ చీము పట్టింది, మళ్ళీ వంగలేదు. తాతను కాయితాలు మడతపెట్టే పనిలో కూర్చోబెట్టి, సోమవారం నుంచి కటింగ్ మీద నువ్వుండాలని సేఠు మా అత్తతో అన్నాడు. మా ఇల్లు ఆమె చేతుల మీదే నడిచేది. ఆ చేతులను ఆ కత్తి కింద పెట్టడానికి ముందు ఆమె ఒక్కటే అడిగింది.

"తాళం తియ్యి సేటూ. గప్పుడు కూసుంట."

"పెట్టె ఉన్నది గదమ్మా. జర ఫికర్ జెయ్యకు."

"ఔ, ఉన్నది. తాత ఏలే వంగుతలేదు."

సేఠు నవ్వి పటానికి దండం పెట్టుకున్నాడు. మాట అక్కడితో అయిపోయింది.

బడికి సెలవులు కాబట్టి సోమవారం నేనూ అత్త వెంట షాపుకు బయల్దేరాను. దారిలో ఆమె తాను వేసిన ఎత్తు చెప్పింది. పుస్తకాల అంచులకు పూసే ఎర్ర రంగు అరచేతిలో పోసుకుని ఆమె కేక వేస్తుంది, నేను పక్కన నిలబడి ఏడవాలి. "నవ్వినవనుకో పోరీ, ఇంట్ల ఈపు పగుల్తది" అంది. ఏడవడానికి నాకు ఆ మాట చాలు.

ఆ కేకకు స్టేషన్‌లో రైలు ఆగిపోయిందని ఇప్పటికీ చెప్తుంటాను. రైలు ముందే ఆగి ఉందనుకోండి, అది వేరే సంగతి. సేఠు పరిగెత్తుకొచ్చి మొలతాడు పట్టుకుని లాగాడు. ముడి రాలేదు. ఇంకా లాగాడు. ఇంకా బిగుసుకుంది. ఒక చేత్తో పంచె, ఒక చేత్తో ముడి పట్టుకుని మా అత్త మోచేతి నుంచి కారుతున్న ఎరుపు చూశాడు. కళ్ళు తేలేసి వెనక్కి పడ్డాడు. పుస్తకాలు అదిమే ఇనుప మిషన్ అంచు తలకు తగిలింది. ఈసారి కారింది రంగు కాదు.

"సేటూ, ఉత్తదే! రంగు గిది, రంగు!" అని మా అత్త అరిచింది. వినే స్థితిలో ఆయన లేడు.

తాత ఆయన మొలతాడు తెంపి తాళం తీశాడు. లోపల కర్పూరం, అగరుబత్తులు, అగ్గిపెట్టె, అడుగున ఎండిపోయిన అయోడిన్ సీసా ఉన్నాయి. దూది లేదు. లక్ష్మీదేవి ముందు రోజూ వెలిగే ఒత్తి ఎక్కడ నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది. మేమెత్తుకుపోతామని తాళమేసిన దూదినంతా సేఠే కొంచెం కొంచెంగా అమ్మవారికి వెలిగించేశాడు.

తాత మూల మీది ఇరానీ హోటల్‌కు పరిగెత్తి గుప్పెడు చాయ్‌పత్తి తెచ్చాడు. ఆ టీపొడి గాయం మీద పెడితే రక్తం ఆగుతుందన్నాడు. పెట్టాలో వద్దో మా అత్తకూ తెలియదు. ఆ క్షణంలో ఆమె ముఖం నాకు బాగా గుర్తు. పెట్టె తెరిపించడానికి అంత ఎత్తు వేసిన మనిషి, తెరిచాక ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

సేఠు ఒక కన్ను తెరిచి, "నన్ను చాయ్ చేస్తున్నరా ఏంది?" అని మళ్ళీ మూశాడు.

దానితో ఆమె తేరుకుంది. రంగు చెయ్యి కడుక్కుని, పుస్తకాల వీపుకు అంటించే పల్చటి గుడ్డ కొత్త తానులోంచి చింపి, మందంగా మడిచి గాయం మీద పెట్టి అదిమింది. పుస్తకాలు అదిమి అదిమి అలవాటైన చేతులవి. రక్తం నెమ్మదించాక పైన కట్టు చుట్టి రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళింది. ఆ కట్టు ఎంత చక్కగా కుదిరిందంటే, వెనక పేరు అచ్చు వేస్తే సేఠును అలమారాలో పెట్టేయొచ్చు.

కుట్లు వేయించుకుని షాపుకు వచ్చాక సేఠు మా అత్తను పిలిచాడు. "ఏ చెయ్యి తెగింది? చూపియ్యి" అన్నాడు. ఆమె రెండు చేతులూ చాపింది. ఆయన రెండూ తిప్పి చూశాడు, పెదవుల చివర నవ్వు వచ్చింది, దాన్ని మింగేశాడు. తాళం తీసి పాత ఇనుము తట్టలో పడేశాడు. పెట్టెను పటం కింద నుంచి తీయించి కటింగ్ మిషన్ పక్కన చేతికందే ఎత్తులో కొట్టించాడు, కొత్త సామాను నింపాడు. కట్టు కట్టడం నేర్చుకురమ్మని మా అత్తను దవాఖానలో నర్సమ్మ దగ్గరికి పంపాడు. ఆమె నేర్చుకున్నాకే మిషన్ మీద కూర్చుంది. రిటైరయ్యేదాకా పది వేళ్ళూ వంగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆబిడ్స్‌లో నాకూ చిన్న జిరాక్స్, బైండింగ్ షాపు ఉంది. పెట్టెలో మందు సామాను తప్ప ఇంకేమీ పెట్టకూడదని, పని నడిచినంతసేపూ చేతికందాలని, వాడటం తెలిసిన మనిషి ఒకరుండాలని నిబంధనల్లో చదివినప్పుడు, ఇవి రాసినాయన ఆ సోమవారం సేఠు షాపులోనే నిలబడి ఉంటాడనిపించింది. ఈ కథ నా దగ్గర పనిచేసే పిల్లలందరికీ చెప్తాను. చెప్పినప్పుడల్లా సేఠు కుట్లు కొన్ని పెరుగుతాయి. దూది మాత్రం పెరగదు, లేదంటే లేదు.

మొన్న శుక్రవారం మా షాపులో దీపం పెట్టే అమ్మాయి, "మేడం, ఒత్తికి దూది అయిపోయింది. పెట్టెలకెంచి జర తీసుకుంట" అంది. వద్దని, కొనుక్కురమ్మని పంపాను. ఆ పిల్ల వచ్చేదాకా అమ్మవారు చీకట్లో కూర్చుంది. ఆమెకేం ఫికర్? నాలుగు చేతులూ బాగానే ఉన్నాయి.