ప్రేమావతి పెట్టిన సంతకాలు

పాల్మాకుల దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్లో ప్రేమావతి పద్నాలుగేళ్లు నర్సుగా పనిచేసింది. ఊరంతా ఆమెను నర్సమ్మ అనేవారు. టీకాల డబ్బా భుజాన వేసుకుని, ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఏ కోడలికి ఎన్నో నెల, ఏ ముసలాయన మాత్రలు మింగకుండా చూరులో దోపుతాడు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

2010 జూన్‌లో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ తన హౌస్ సర్జన్లను ఆ ఊరికి పంపడం మొదలుపెట్టింది. తారాబాయి అనే ప్రొఫెసరమ్మ పట్టుబట్టి పెట్టించిన పద్ధతి అది. చదువు ముగించి ఏడాదిపాటు పని నేర్చుకునే పిల్లలు ఒక నెల కోసం మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. నగరంలో పెద్దాసుపత్రి ఓపీ అయినా సరే, మండల దవాఖానలో డాక్టరు పక్కన కూర్చున్నా సరే, నర్సు వెంట ఊళ్లో తిరుగుతూ ఐదు కుటుంబాల బాగోగులు చూసినా సరే. కుటుంబ వైద్యం నేర్చుకోవాలంటే రోగి వంటింటి దాకా పోవాలని తారాబాయి చెప్పేది. పిల్లలు తలలూపి నగరంలో ఓపీకే పేర్లిచ్చేవారు.

ఆ ఏడు ఊరి పని కోరుకున్నది అరవింద్ ఒక్కడే. కూకట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. మొదటి రోజు ప్రేమావతి అతన్ని కుర్మయ్య ఇంటికి తీసుకుపోయింది. కుర్మయ్యకు షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకునేవాడు. అతని భార్య శివమ్మ డాక్టరుబాబుకు మజ్జిగ ఇచ్చింది. గ్లాసు అందుకుని అరవింద్ నాలుగు మాటలు మాట్లాడాడు. మంచి పిల్లవాడనుకుంది ప్రేమావతి.

రెండో రోజు పొద్దున్నే అతను ఆమె గది ముందు నిలబడ్డాడు.

"సిస్టర్, మీకు అబద్ధం చెప్పను. జనవరిలో పీజీ ఎంట్రెన్స్ ఉంది. ఇక్కడైతే ఎవరూ చూడరని ఈ పోస్టింగ్ తీసుకున్నాను. మీ గదిలో కూర్చుని చదువుకుంటాను. హాజరు పుస్తకంలో మీరు సంతకం పెడితే చాలు."

ఆమెకు కోపం రావలసింది. కానీ ఆ మాట వింటుంటే కొడుకు ఆశేర్ కళ్లలో మెదిలాడు. రెండుసార్లు ఎంసెట్ రాసి, మెడిసిన్ సీటు అందక, ఇప్పుడు ఎయిర్‌పోర్టులో సామాను బండ్లు తోస్తున్నాడు. వాడికి ఆనాడు ఎవరైనా ఒక గది, ఒక ఫ్యాను ఇచ్చి చదువుకోమని ఉంటే ఎలా ఉండేదో!

"చదువుకో బిడ్డా. ఆ ఐదిండ్ల సంగతి నేను చూస్కుంట" అంది.

నెలంతా అలాగే గడిచింది. ఆమె ఎండలో తిరిగి వచ్చి, అతనికి టీ పెట్టి, ఐదు కుటుంబాల సంగతులు చెప్పేది. అతను రికార్డు పుస్తకంలో గబగబా రాసుకుని మళ్లీ తన పుస్తకాల్లో పడేవాడు. కుర్మయ్య పేజీలో ఇలా రాశాడు: 'ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాను మట్టింటి మూలన తడి ఇసుక పోసిన కుండలో పెడతారు. నర్సు నేర్పింది.' తారాబాయి ఆ పేజీని అందరి ముందూ చదివిందట. ఇంట్లో అడుగుపెట్టి చూసినవాడే ఇలా రాయగలడని మెచ్చుకుందట. అరవింద్ మిఠాయి డబ్బా తెచ్చి ప్రేమావతి కాళ్లకు దండం పెట్టాడు. తన బిడ్డే గెలిచినట్టు ఆమె మురిసిపోయింది.

2012లో ఆమెను జల్‌పల్లికి బదిలీ చేశారు. ఆ ఏడాదే రోడ్డు వెడల్పులో కుర్మయ్య ఇల్లు పోయింది. మొగుడూ పెళ్లాం రేకుల కప్పున్న కిరాయి గదిలోకి మారారు. సామాన్లు మోసుకుపోయేటప్పుడు ఇసుక కుండ పగిలింది. కొత్త గదిలో చల్లటి మూల ఎక్కడిది? శివమ్మ మందుసీసాను చేతిసంచిలో వేసి మేకుకు తగిలించింది.

అరవింద్‌కు మూడుసార్లు రాసినా కోరుకున్న సీటు రాలేదు. 2013 మొదట్లో ఆ మండల దవాఖానకే కాంట్రాక్టు డాక్టరుగా వచ్చాడు. ఫోన్ చేసి చెబితే ప్రేమావతి ఎగిరి గంతేసినంత పని చేసింది. కుర్మయ్యను జర చూసుకోమని చెబుదామని నోటిదాకా వచ్చింది. అతనికి తెలియనిదా అనుకుని ఊరుకుంది.

ఏప్రిల్ ఎండలకు రేకులు పెనంలా కాలాయి. కుర్మయ్య షుగరు పెరగసాగింది. దవాఖాన వరండాలో ఎనభై మంది వరుసలో ఉంటే అరవింద్ ఒక్కొక్కరికి ఎంతసేపని ఇవ్వగలడు?

"సూది సరిగ్గా వేసుకుంటున్నావా?"

"ఒక్క పూట తప్పలే సారూ."

"అన్నం తగ్గించు మరి" అని మోతాదు పెంచాడు. పదిహేను రోజులకు మళ్లీ పెంచాడు. మే మూడో వారానికి పద్దెనిమిది యూనిట్లు ముప్పై ఆరయ్యాయి. కుర్మయ్య అబద్ధమేమీ ఆడలేదు. సూది రోజూ వేసుకున్నాడు, కాకపోతే వేడికి ఆ మందులో బలమే మిగలలేదు.

మే ఆఖరులో అత్తాపూర్‌లో ఉండే కూతురు సునీత, ఎండ తగ్గేదాకా తన దగ్గర ఉండమని తండ్రిని తీసుకుపోయింది. పాత సీసా అయిపోతే కొత్తది కొని, మందు బలం పోకుండా ఫ్రిజ్‌లో పెట్టింది. కుర్మయ్య డాక్టరు చెప్పిన ముప్పై ఆరూ ఎక్కించుకున్నాడు, రెండిడ్లీలు తిన్నాడు, చెమటగా ఉందని కూలరు ముందు పడుకున్నాడు. ఎన్నాళ్లకో చల్లగా నిద్రపట్టిందిలే అని ఇంట్లో ఎవరూ కదిలించలేదు. మధ్యాహ్నం మూడింటికి అన్నానికి లేపితే లేవలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయి ఉంది. తొమ్మిదో రోజు కళ్లు తెరిచాడు. తెరిచి, శివమ్మను చూసి "అమ్మా" అన్నాడు.

సంగతి తెలిసి ప్రేమావతి జల్‌పల్లి నుంచి పరుగున వచ్చింది. రేకుల గదిలో మంచం పక్కన కూర్చుని అన్నీ వింది. చివరికి అడిగింది.

"అక్కా, మందు సీసా యాడ పెడుతుంటిరి?"

"గా సంచిలనే. ఇగ ఏడ పెట్టాలె నర్సమ్మా, కుండ పగిలిపాయె."

ప్రేమావతి తల పైకెత్తి రేకుల వంక చూసింది. అక్కడి నుంచి లేచి తిన్నగా దవాఖానకు నడిచింది.

అరవింద్ ఒక్కడే ఉన్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు.

"ఫ్రిజ్ ఉందా అని నేను అడగనే లేదు సిస్టర్."

"నీ పుస్తకంల ఉండె గద బిడ్డా."

"ఉంది. నా చేత్తోనే రాశాను. మీరు చెబుతుంటే రాశాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ కుండ ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ప్రేమావతికి ఓదార్చాలనిపించలేదు. తిట్టాలనీ అనిపించలేదు. నెల రోజులు అతన్ని వెంట తిప్పుకుని ఉంటే, ఎండలో చెప్పులరిగేలా నడిపించి ఉంటే, ఏ ఇంట్లో ఏం అడగాలో అతనికే తెలిసేది. ముద్దు చేసి ఫ్యాను కింద కూర్చోబెట్టింది తానే.

ఆ వారంలోనే కాలేజీకి పోయి తారాబాయికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం పోతే పోనీ అనుకునే వెళ్లింది. తారాబాయి తిట్టలేదు, సంజాయిషీ రాసిమ్మని కాగితం అడగలేదు. "ఆ పేజీ నేను మూడేండ్లు ప్రతి బ్యాచ్‌కు చదివి వినిపించిన ప్రేమావతీ" అని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

శివమ్మకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. మూడుసార్లు బయల్దేరి సగం దారిలో వెనక్కి తిరిగింది. చివరికి ఒకనాడు పొయ్యి దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. శివమ్మ రొట్టె తిరగేస్తూ వింది.

"మా ఇంట్లకొచ్చి బాగున్నవా అని అడిగిన సర్కారు మనిషివి నువ్వొక్కదానివే నర్సమ్మా. నీ మీద నేనెట్ల కోపం చేస్కోవాలె?" అంది.

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ప్రేమావతి కొంత తేలికపడేది.

2014లో అరవింద్ కాంట్రాక్టు వదిలేసి, మూడేళ్ల ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణకు వేరే జిల్లాకు వెళ్లాడు. వెళ్లే ముందు ఫోన్ చేశాడు.

"రోజూ ఇళ్లకు పంపిస్తారట సిస్టర్. అందుకే తీసుకున్నాను."

"మంచిది బిడ్డా" అంది ఆమె.

ఆదివారాలు చర్చి అయ్యాక ప్రేమావతి కుర్మయ్య దగ్గరికి వస్తుంది. వేలు గుచ్చి షుగరు చూస్తుంది, గోళ్లు తీస్తుంది. అతను ప్రతిసారీ మర్యాదగా అడుగుతాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"నేనన్నా, ప్రేమావతిని. నర్సమ్మను."

"అట్లనా. కూసో, కూసో" అని మంచం మీద కాస్త పక్కకు జరుగుతాడు. ఆమె కూర్చుంటుంది.