చేపను సేవ అని రాసిన చెల్లి

ఇది రాయడానికి కారణం ఒక్కటే. మా పల్లె బడిలో చదువు రానివాళ్ళు ఎవరూ లేరని ఆ రోజుల్లో పై అధికారులు నమ్మారు. ఉన్నారు. వాళ్ళలో మా చెల్లి ఒకతె. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు కాబట్టి నేనయినా రాసి పెట్టాలి.

మాది అక్కుపల్లికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున చిన్న పల్లె. మాది వేట మీద బతికే కుటుంబం. అరవైల చివర్లో నేను పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళేవాణ్ణి. పని దిగాక కాశీబుగ్గ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. బడిలో ఐదు వరకే చదివాను. మిగిలినదంతా ఆ బల్లల దగ్గర చదివిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే.

చెల్లి రెండో తరగతి మూడోసారి చదువుతోంది. పాఠం ఒకసారి వింటే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పేది. పలక మీద మాత్రం అక్షరం నిలిచేది కాదు. ఒకరోజు హెడ్మాస్టరు "చేప" అని రాయమంటే "సేవ" అని రాసింది. ఆయన ఆ పలక ఎత్తి అందరికీ చూపించారట.

"చూడండ్రా! వీళ్ళ నాన్న రోజూ వలేసి సేవ పట్టుకొస్తాడట. ఏమే, బుట్టెడు సేవ ఎంతకిస్తారు?"

చెల్లి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు నేను బడికి వెళ్ళాను.

"మీ భాషే అంతరా," అన్నారాయన. "సెప్పు, సూడు, సేప. నోరు తిరగనివాళ్ళకి రాత ఎలా వస్తుంది?"

"స సంగతి సరే మేష్టారు బాబూ. మేం సేపంటాం, అలగే రాసీసింది. మరి ప ఏటయింది? మా పల్లెలో సేపని సేవని ఎవులంటారు?"

"ఓహో, గ్రంథాలయం పండితులు వచ్చారే!" అని ఆయన నవ్వి లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పటికీ నాకు మింగుడుపడనిది ఇదే. స మా యాస. వ మా యాస కాదు. తలకట్టు కలిస్తే వ, విడిగా ఉంటే ప. ఆ తేడా చెల్లికి పట్టుబడేది కాదు. మ, య కూడా అంతే. యాస అనే సాకు దొరికాక దాని వెనక ఏముందో ఎవరూ చూడలేదు. గ్రంథాలయాధికారి ఒక ఇంగ్లీషు వైద్య పుస్తకం వెతికి తీసి, తెలుగులో చెప్పారు: తెలివీ చూపూ బాగున్నా కొందరు పిల్లలకి అక్షరాలు నిలవవట, వాళ్ళకి వేరే పద్ధతిలో ఓపిగ్గా నేర్పాలట. అదే మాట హెడ్మాస్టరుకి చెబితే, "ఒక్క పిల్ల కోసం వేరే బడి పెట్టమంటావా?" అన్నారు.

ఆ తర్వాత ఇనస్పెక్షను వచ్చింది. చదవలేని పిల్లల్ని ఆ రోజు రావద్దనడం మా బడి అలవాటు. చెల్లిని మాత్రం రమ్మని కబురొచ్చింది. సంబరపడి నేనూ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. హెడ్మాస్టరు ఆమె చేతికి వాచకం ఇచ్చి పాఠం చదవమన్నారు. గడగడా మొత్తం చెప్పేసింది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పలేదు. ఇనస్పెక్టరు "శభాష్!" అన్నారు.

ఆయన బయటికి రాగానే ఎదురెళ్ళాను.

"బాబూ, ఆ గుంటకి అచ్చరాలు రావు. అప్పజెప్పింది, అంతే. ఇంకో పాఠం సదివించి సూడండి."

"నా చెవులతో విన్నానయ్యా. ఇంతకీ నువ్వెవరు?"

"దాని అన్ననండి."

"అన్నవా! చెల్లి చదువుకుంటే ఓర్వలేవా?" అని జీపెక్కారు.

చెల్లి అంతా విన్నది. బడిలో ఆమెకి దొరికిన మెప్పు అదొక్కటే. "నీకేటి పోయిందన్నియ్యా?" అని ఏడ్చింది.

ఆ ఏడు మొదలుకొని హెడ్మాస్టరు ఆమెని ఏటేటా పై తరగతికి ఎక్కించేశారు. "పాస్ చేశాను కదరా, ఇంకేం కావాలి?" అనేవారు. నేర్పండి అని అడిగాను. ఎంతమంది పాసయ్యారని అడిగేవాళ్ళే గాని, ఏం వచ్చిందని అడిగేవాళ్ళు ఆ బడికి రాలేదు. ఐదు అయ్యాక పలాస హైస్కూల్లో చేర్చబోతే పేరు రాయమన్నారు. రాయలేకపోయింది. "ఐదు ఎలా పాసయ్యావమ్మా?" అని ఆమెనే అడిగారు. ఇంటికి తిరిగొచ్చాం. ఆమె మళ్ళీ ఏ బడి గడపా తొక్కలేదు.

పేర్లు రాయొద్దని చెల్లి అంది. అందుకే ఆమెకి సాయపడ్డవాళ్ళని పేర్లు లేకుండానే తలుచుకుంటున్నాను. వీళ్ళెవరూ ఆమెకి చదువు చెప్పడానికి జీతం తీసుకున్నవాళ్ళు కారు. పుస్తకం విప్పి చెప్పిన గ్రంథాలయాధికారికి, నేను బడికి వెళ్ళిన పూటల్లో నా పని కూడా చేసిన తోటి కూలీకి, తనకే అక్షరం రాకపోయినా నేను ఇసకలో గీసిన ప మీద చెల్లి చేత దిద్దించిన అమ్మకి, ఆ రోజు హైస్కూల్లో చెల్లిని నీడన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చిన గుమాస్తాగారికి నా నమస్కారాలు.