పిట్ట కాలు పెట్టని చెరువు

అప్పలనరసమ్మ నోరు మంచిది కాదని రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరూ ఒప్పుకున్న మాట. కుళాయి దగ్గర వరస తప్పినవాళ్లను ఆవిడ తిట్టే తిట్లు తెలుగు రానివాళ్లకు కూడా అర్థమయ్యేవి. అయితే ఆవిడ బుట్టలో చేప పాడైందని పదహారేళ్లలో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అరవై ఎనిమిదిలో మొగుడు కొండలరావుకు వ్యాగన్ల వర్క్‌షాపులో పని దొరికితే, భీమిలి దగ్గరి పల్లె నుంచి అతని వెంట రాయపూర్ వచ్చింది. గాలిలో ఉప్పు వాసన లేదని నెల్లాళ్లు ఏడ్చి, ఏడుపు అయిపోయాక చేపల బుట్ట నెత్తికెత్తుకుంది.

చేపలు బడ్కా తాలాబ్ నుంచి వచ్చేవి. కాలనీకి మైలున్నర దూరంలో పెద్ద చెరువది. దాని ఠేకా, అంటే చేపలు పట్టే గుత్త, అమ్మిరాజుది. అతనూ విశాఖ వైపువాడే. చెరువు గట్టు మీదే డాబా కట్టుకుని, నలుగురికీ పెద్దమనిషిలా చలామణీ అవుతుండేవాడు.

రోజూ పొద్దున్నే గట్టెక్కిన అప్పలనరసమ్మ ముందు చేపల్ని చూసేది కాదు, పిట్టల్ని చూసేది. ఉప్పుటేటి పక్కన పుట్టిన మనిషి. వాళ్ల పల్లెలో వల దించేముందు ఇంట్లో పెద్ద ఆడది ఒడ్డున నిలబడాలి. కొంగలూ ఉల్లంకులూ నీటికాకులూ నీళ్లలో దిగేదాకా చూసి, అప్పుడు మగవాళ్లకు చెయ్యి ఊపాలి. పిట్ట దిగని నీళ్లలో వల దించకూడదని కట్టుబాటు. ఆవిడ చిన్నప్పుడు ఓసారి ఏట్లోకి ఎక్కడిదో నల్లనూనె కొట్టుకొచ్చింది. అది మనుషుల కంటపడడానికి రెండు రోజుల ముందే ఉల్లంకులు నీళ్లు వదిలేశాయి. ఆ రెండు రోజులూ వల దించిన పక్క పల్లెలో ఎవరెవరు మంచం పట్టారో ఆవిడ పేర్లతో సహా చెప్పగలదు.

అందుకని ఇక్కడా వేళ్లు మడుస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. కొంగలెన్ని, నీటికాకులెన్ని, బుడబుంగలెన్ని. ఆ పెదవులు చూసి గట్టు కింద బస్తీ ఆడవాళ్లు మొహాలు తిప్పుకునేవాళ్లు. చూసుకోండి, నాకేం, అనుకునేది.

ఒక్కగానొక్క కూతురు దాలమ్మను అమ్మిరాజు కొడుక్కే ఇచ్చింది. ఎనభై నాలుగు ఎండాకాలానికి దాలమ్మకు నాలుగో నెల. ఆ ఇంటి బావి చెరువు గట్టు కిందే, ఆ ఇంటి కూర చెరువులోదే. సరిగ్గా ఆ ఏడే చెరువుకు ఎగువన, ఇనుప రేకులకు తుప్పు వదలగొట్టే కార్ఖానా ఒకటి తెరిచి, దాని మురుగు కాలువ తెచ్చి చెరువు మూలలో కలిపారు.

ముందు నత్తగుల్ల కొంగలు రావడం మానేశాయి. ఒడ్డున వంగి చూస్తే నత్తలన్నీ తెల్లబడి, గుల్లలై ఉన్నాయి. పది రోజులకు నీటికాకులు పోయాయి. తుంగలో బుడబుంగ గూడు కట్టి గుడ్లు పెట్టింది, ఆ గుడ్లను అలాగే వదిలేసి పోయింది. గుడ్లు వదిలి తల్లిపిట్ట పోయిందంటే అది ఎండకు పోలేదు. మిగిలినవి నాలుగు తెల్లకొంగలు. అవీ గట్టు మీద పురుగులు ఏరుకుంటున్నాయే గాని నీళ్లలో కాలు పెట్టడంలేదు. 

అప్పలనరసమ్మ తిన్నగా వియ్యంకుడి దగ్గరికి పోయింది. నీళ్లు చెడ్డాయని, వల ఆపమని, పిల్లను తనతో పంపమని కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. అమ్మిరాజు నవ్వాడు. పిట్టలు ఎండాకాలం ఎక్కడికో పోతాయని, ఠేకా కాగితం మీద పిట్టల సంతకాలేమీ లేవని అన్నాడు. ఆవిడ ఆ రోజు ఖాళీ బుట్టతో వెనక్కి వచ్చింది. వచ్చి ఊరుకుందా? కాలనీ బజారులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బడ్కా తాలాబ్ చేప తినొద్దని చెప్పింది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నిన్నటిదాకా అమ్మిన నోటితోనే ఇవాళ విషమంటావా అని జనం ఆవిడ మీదే పడ్డారు. పక్కింటి శేషమ్మ అయితే, కూతురి అత్తింటితో ఏదో చెడి ఉంటుందని నాలుగు వీధులకూ చెప్పి వచ్చింది. ఈ గొడవేదో తేల్చమని పదిమందీ అర్జీ పెడితే జూలైలో ఒక ఆఫీసరు సీసాలు పట్టుకుని వచ్చాడు. ఎప్పుడొచ్చాడు? నాలుగు రోజులు కుండపోత వాన కురిసి, చెరువు గట్టు దాటి పొర్లుతున్నప్పుడు. కొత్త నీళ్లు సీసాలో నింపుకుని పోయి, అంతా బాగుందని కాగితం పంపాడు. అమ్మిరాజు ఆ కాగితానికి పటం కట్టించి గుమ్మం మీద వేలాడదీశాడు.

దాలమ్మకు ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింటి హక్కు. తీసుకుపోవడానికి అప్పలనరసమ్మ చీరా పసుపూ పట్టుకుని వెళితే, అమ్మిరాజు గుమ్మంలోనే ఆపాడు.

"సెల్లెమ్మా, రేపు పొద్దున్న నా సెరువు సేప నీ బుట్టలో కాలనీ బజార్లో కనిపించాల. అప్పుడే పిల్లని పంపుతాను. లేదంటే పురుడు ఈ ఇంట్లోనే."

లోపల కిటికీ పక్కన దాలమ్మ నిలబడి ఉంది. చేతిలో ఆ బావి నీళ్ల చెంబు. అప్పలనరసమ్మ చీరా పసుపూ అలాగే పట్టుకుని తిరిగొచ్చింది. 

కొండలరావు బతిమాలాడు. ఒక్క బుట్ట అమ్మితే పోయేదేముంది, పిల్ల ఇంటికొస్తుంది కదా అన్నాడు.  తన కూతురు బయటపడడానికి ఆ చేపను ఎవరి కూతురికి పెట్టాలి? శేషమ్మ కోడలికీ ఐదో నెల. శేషమ్మంటే ఆవిడకు ఒళ్లుమంట, అయినా బుట్ట ఎత్తలేకపోయింది.

ఇక అమ్మిరాజు ఆడిన ఆట చూడండి. వానలు వెలిశాక ఇరవై బాతులు కొని, ఎగరకుండా రెక్కలు కత్తిరించి, బస్తీనంతా పిలిచి చెరువులో వదిలాడు. పిట్టలు లేవన్నావుగా, ఇవి పిట్టలు కావా అన్నాడు. బాతులు చక్కగా ఈదాయి. జనం చప్పట్లు కొట్టారు. పారిపోలేనివాటిని కట్టిపడేసి, చూశారా ఉన్నాయి అనడం ఏ ఊరి న్యాయమో ఆ దేవుడికే తెలియాలి. అప్పలనరసమ్మ గట్టు మీద నిలబడి, ఇవి నాలుగు రోజులు బతకవని అందరి ముందూ గట్టిగా చెప్పింది. ఆ ఒక్క మాటే ఆవిడ చేసిన పొరపాటు.

మూడో రోజున ఏడు బాతులు వెల్లకిలా తేలాయి. నాలుగో పొద్దుకు ఒక్కటీ లేదు.

అప్పుడైనా నీళ్ల వంక చూశారా? ఆవిడ వంక చూశారు. రోజూ గట్టు మీద పెదవులు కదిపింది ఎవరు? వేళ్లు మడిచింది ఎవరు? నాలుగు రోజులని గడువు పెట్టింది ఎవరు? బస్తీలో ఎవరో మొదట ఆ మాట అన్నారు. టోన్హీ. ఆ దేశంలో మంత్రగత్తెకు ఆ పేరు. ఆ పేరు పడ్డ ఆడదాన్ని అక్కడ ఊళ్లోంచి తరుముతారు, ఒక్కోచోట ప్రాణాలతో వదలరు. మన తెలుగువాళ్లు తక్కువ తిన్నారా, చేతబడి అని తమ భాషలో తామూ అందుకున్నారు.

మిట్టమధ్యాహ్నం వందమంది ఇంటి ముందు చేరారు. ఒక రాయి వచ్చి గూనపెంకు పగలగొట్టింది. కొండలరావు చేతులు జోడించుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అమ్మిరాజు కోడల్ని కూడా వెంట తెచ్చాడు, కన్నకూతురే అడగాలని. నిండు కడుపుతో దాలమ్మ ముందుకొచ్చింది. ఆ పిల్ల మొహంలో భయం అప్పలనరసమ్మకు కనిపించింది.

"అమ్మా, నువ్వేటైనా సేసేవేటి?"

ఇంతమంది అన్నది ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. కాదు తల్లీ, కార్ఖానా నీళ్లే, అని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఐదు నెలలుగా చెబుతూనే ఉంది. విన్న నాథుడు లేడు. నిజం చెబితే రేపూ ఈ పిల్ల ఆ బావి నీళ్లే తాగుతుంది, ఆ చేపే తింటుంది. వీళ్లు నమ్మేది ఒక్కటే ఉంది. అది చేతిలోనే ఉంది.

జుట్టుముడి విప్పి గుమ్మం బయటికి వచ్చింది.

"అవును. నానే సేసేను. ఆ సెరువుని కట్టీసేను. ఆ నీల్లు ముట్టినా, ఆ సేప తిన్నా, ఆ గట్టు కింద బావి నీల్లు తాగినా, కడుపులో పిల్లతో సహా పోతారు. ఎవులికి దమ్ముందో తాగండి."

జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. దాలమ్మ కెవ్వుమని కడుపు పట్టుకుంది. అమ్మిరాజు మొహాన నెత్తురుచుక్క లేదు. ఆ సాయంత్రమే కొడుకునూ కోడలినీ దూరాన మందిర్ హసౌద్ అనే ఊళ్లో బంధువుల ఇంటికి పంపేశాడు. మర్నాటి నుంచి బడ్కా తాలాబ్‌లో గేదెను కూడా ఎవరూ దించలేదు. ఆఫీసరు కాగితం ఆ గుమ్మం మీద అలాగే వేలాడింది. కార్ఖానా కాలువ కూడా అలాగే పారింది, దాన్ని అడిగినవాడు లేడు.

వేరే చెరువు చేప తెచ్చినా అప్పలనరసమ్మ దగ్గర కొనడం అందరూ మానేశారు. ఆవిడ నడిచే వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. కొండలరావుతో వర్క్‌షాపులో పక్కన కూర్చుని అన్నం తినేవాడు లేకపోయాడు. అయినా పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. అక్టోబరులో దాలమ్మకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీపిల్లా క్షేమమని ఎవరో అంటుంటే గోడ ఇవతల నుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ విన్నారు. కబురు చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఐదేళ్లు ఆగి, ఉండబట్టలేక, ఆవిడ ఒక ఆదివారం బస్సెక్కి మందిర్ హసౌద్ సంతకు వెళ్లింది. కూరగాయల వరసలో దాలమ్మ కనిపించింది. కొంగు పట్టుకుని పిల్ల. అప్పలనరసమ్మ పది అడుగుల దూరంలోనే ఆగింది. దాలమ్మ తల ఎత్తి చూసి, ఒక్క ఉదుటున పిల్ల మొహం మీద కొంగు కప్పేసి అటు తిప్పేసింది.

"ఎవులే అమ్మా?" అని కొంగు లోంచి అడిగింది పిల్ల.

"సూడకు," అంది దాలమ్మ. "కడుపులో ఉన్నప్పుడే నిన్ను సంపీసీదే."