అవునండీ బావకి వీసా

మా బావ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కాదన్న పాపాన పోలేదు. పుట్టిన రోజున నర్సు "మగపిల్లాడే" అంటే "అవునండీ" అన్నాడని నేను చెబితే మా అక్క కొట్టడానికి వస్తుంది గాని, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆ మాట నమ్మనివాడు లేడు.

బావది సెలూన్. రెండు తిరిగే కుర్చీలు, గోడ పొడుగునా ఒక అద్దం, అద్దం మూలన ఒక పగులు, పగులు మీద షాంపూ స్టిక్కరు. తలుపు తోయగానే పటిక, సబ్బు నురగ, తడి తువ్వాలు కలిసిన వాసన ఎదురొస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఏమన్నా బావ నోట వచ్చేది ఒకటే మాట. "ఈసారి ఎండలు మండిపోతున్నాయండీ" అంటే "అవునండీ". పక్క కుర్చీలో ఆయన "ఎండలెక్కడండీ, పొద్దున్నే వణికి చస్తుంటే" అంటే అదే ఊపిరిలో "అవునండీ". ఒకసారి ఒక ముసలాయన, నిన్న చంద్రుడు మా పెరట్లో పడ్డాడయ్యా అంటే, "అవునండీ, ఆ చప్పుడుకి మా ఆవిడ లేచి కూర్చుంది" అని కూడా కలిపాడు. ఇది నేను కళ్ళారా చూశాను. చూడకపోయినా ఇలాగే చెప్పేవాణ్ణనుకోండి.

ఈ విద్య నేర్పింది బావ వాళ్ళ అన్నయ్య, మా పెద్దబావ. తమ్ముడి చేతికి కత్తెర ఇచ్చిన రోజునే చెప్పాడట. "ఒరేయ్, కత్తెర వాడి చెవి పక్కనే ఆడుతుంటుంది. నువ్వు వాదన పెట్టుకున్నావనుకో, జవాబు చెప్పడానికి వాడు తల తిప్పుతాడు. తల తిప్పాడా, చెవీ పోయె, బేరమూ పోయె. ఏమన్నా అవునను."

అన్నదమ్ములిద్దరూ తమ తలల్ని బయటివాళ్ళ చేతికి ఇచ్చి ఎరగరు. ఆయనకి ఈయన, ఈయనకి ఆయన. పెద్దబావ సరిహద్దు అవతలి ఊళ్ళో షాపు పెట్టుకున్నాక కూడా బస్సెక్కి ఇటు వచ్చి తమ్ముడి తల చేసి, తన తల చేయించుకుని పోయేవాడు. ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించి రావడం మానేశాడు. షాపు వదిలి కదలడం కుదరక అప్పటినుంచి బావ ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని తన జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు. మెడ వెనక చూస్తే ఎలుకలు కొరికిన చాపలా ఉండేది. ఊరందరి తలలూ నిగనిగలాడుతుంటే ఊళ్ళోకెల్లా దిక్కుమాలిన తల బావదే.

ఒకరోజు పెద్దబావ ఫోను చేశాడు. ఆయనకి చేతులు వణుకుతున్నాయట. "మొదట్లో టీ గ్లాసు వణికేదిరా, ఇప్పుడు టీ అంతా చొక్కా మీదే తాగుతున్నా. మందులిచ్చారు, తగ్గేది కాదన్నారు. చెయ్యి పూర్తిగా నా మాట వినడం మానేసేలోపు నీ తల ఒక్కసారి నా చేతికివ్వు. ఆ కటింగ్ చేసి కత్తెర పక్కన పెట్టేస్తా."

"అవునన్నయ్యా," అన్నాడు బావ. ఫోను పెట్టేసి, మూలనున్న స్టూలు మీద కూర్చుని చాలాసేపు కత్తెర తుడిచాడు.

ఆ రోజునుంచి జుట్టు పెంచడం మొదలుపెట్టాడు, అన్నయ్యకి చేతినిండా పని ఉండాలని. నన్నడిగితే అది జుట్టు కాదు, అడవి. అందులో ఒక దువ్వెన పోతే నేనూ అక్కా టార్చిలైటుతో వెతికాం.

అవతలి దేశానికి పోవడానికి మనవాళ్ళకి పెద్ద తతంగమేమీ లేదు. గేటు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే ముద్ర వేసి పంపేస్తారు. బావ కూడా బస్సు దిగి, సంచీ పట్టుకుని, ఆ అడవిని నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. కిటికీలో అధికారి మన మాటే కాస్త కరుకుగా మాట్లాడతాడట.

"ఏం చేస్తుంటావు?"

"కటింగ్ చేస్తానండీ."

"ఇక్కడికెందుకొచ్చావు?"

"కటింగ్‌కండీ."

"అంటే మా దేశంలో పని చేసుకుందామని వచ్చావన్నమాట."

ఎదుటి మనిషి కూర్చుని ఉన్నాడు, తను నిలబడి ఉన్నాడు. ఇంకేముంది, అలవాటు గొంతులోంచి దానంతటదే బయటికొచ్చేసింది. "అవునండీ."

"మళ్ళీ వెనక్కి పోయే ఉద్దేశం లేనట్టుంది."

"అవునండీ."

"నాతో వేళాకోళమా?"

"అవునండీ."

సాయంత్రం బస్సుకి బావ తిరిగొచ్చేశాడు. పాస్‌పోర్టులో, ప్రవేశం నిరాకరించడమైనది అని ఒక నల్ల ముద్ర. ఒకసారి అలా వెనక్కి పంపాక ఇక గేటు దగ్గరికి ఊరికే పోవడానికి లేదట. ముందుగా వాళ్ళ కార్యాలయంలో విజిటర్ వీసాకి దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వెళ్ళి, వాళ్ళు సరేనంటేనే ప్రయాణం.

"ఎవరైనా తలకాయ తీసిచ్చెయ్యమన్నా అవునండీ అంటారా?" అని అరిచింది అక్క.

"అవు..." అక్క మొహం చూసి తక్కిన సగం మింగేశాడు బావ.

"అక్కడాయన చెయ్యి రోజురోజుకీ పోతోంది. మీరు ఇక్కడ అవునవునంటూ కూర్చోండి. ఒరేయ్ తమ్ముడూ, ఈయనకి కాదనడం నేర్పరా!"

స్కూలు నాకేమీ నేర్పలేకపోయింది గాని, నేర్పడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. షట్టర్ సగం దించి కుర్చీలో అధికారిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. బావని ఎదురుగా నిలబెట్టాను.

"పని చెయ్యడానికి వెళ్తున్నావా?"

"అవు... కాదండీ."

"అక్కడే ఉండిపోతావా?"

"కా... కాదండీ."

"బామ్మర్ది మంచివాడేనా?"

"కాదండీ."

"అది మాత్రం బాగానే వచ్చిందే నీకు!"

వారం తిరిగేసరికి నా చదువు బావకి ఎంత బాగా ఎక్కిందంటే, ఇక దించడం ఎవరివల్లా కాలేదు. "గడ్డం కూడా చేసెయ్ మాస్టారూ" అన్న బ్యాంకు ఉద్యోగితో "కాదండీ" అన్నాడు. ఆయన సగం నురగతోనే లేచిపోయాడు. "అన్నం పెట్టనా?" అని అక్క అడిగితే "కాదండీ" అని పస్తు పడుకున్నాడు. నేనిచ్చింది ఆ ఒక్క మాటే కదా, దాన్నే అన్నిటికీ వాడేశాడు మనిషి.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. దరఖాస్తు నింపుతుంటే నడిమధ్యలో ఒక ప్రశ్న ఉంది: ఇంతకుముందు ఎప్పుడైనా మీకు ప్రవేశం నిరాకరించారా?

"కాదు అని పెట్టు బావా. ఊరికే ఎందుకు గోక్కోవడం?" అన్నాను.

"నోర్ముయ్. ముద్ర పాస్‌పోర్టులో కూర్చుని ఉంది, వాళ్ళ కంప్యూటర్లోనూ ఉంటుంది. అబద్ధమాడితే ఈ జన్మలో వీసా రాదు. అవును అని పెట్టండి," అంది అక్క.

పాత అలవాటు తిరగబెట్టి బావ నా వైపు తిరిగి "అవును బామ్మర్దీ" అన్నాడు. అక్క వైపు తిరిగి "అవునే" అన్నాడు. తర్వాత పెన్ను గాల్లో పట్టుకుని, "పని చేస్తావా అంటే కాదనాలి. ఉండిపోతావా అంటే కాదనాలి. దీనికి మాత్రం అవుననాలి. అడిగేవాళ్ళ మొహం అన్నిటికీ ఒకేలా ఉంటుంది కదర్రా. ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

అక్క పెన్ను లాక్కుని, అవును దగ్గర టిక్కు పెట్టేసింది.

ఇంటర్వ్యూ రోజున నన్నూ అక్కనీ గేటు బయటే ఆపేశారు. లోపల జరిగింది బావ చెప్పగా విన్నదే. నేను ఒక్క అక్షరం కూడా పెంచలేదు. కావలసినన్ని కుర్చీలు, నంబరు చీటీ, గాజు పలక, దాని వెనక ఒక పెద్దావిడ. మొదటి రెండు ప్రశ్నలకీ బావ ఠక్కున కాదండీ అన్నాడట. ఆవిడ పాస్‌పోర్టు తిరగేసింది.

"ఇంతకుముందు మిమ్మల్ని గేటు దగ్గర వెనక్కి పంపేశారా?"

"కాదండీ... అవునండీ."

"అవునా? కాదా?"

"అవునండీ. కాదండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. బావకి చెమటలు కారి, జుట్టు మెడకి అంటుకుపోయింది. వచ్చినాయనకి ఏం కావాలో అర్థం కానప్పుడు సెలూన్‌లో బావ అడిగే మాట ఒకటుంది. పాపం, అదే నోట్లోంచి జారిపోయింది.

"మీకెలా కావాలో చెప్పండమ్మా. అలాగే చెప్తాను."

పక్క గాజు వెనక కూర్చున్నాయన తల ఇటు తిప్పాడట. ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుని, "నాకెలా కావాలో మీకనవసరం. జరిగింది జరిగినట్టు చెప్పండి," అందిట.

ఎవరికి అవునంటున్నాడో కాదంటున్నాడో చూసుకోకుండా బావ మాట్లాడటం అదే మొదలు. గేటు దగ్గర సంగతి చెప్పాడు. చెవి పక్కన కత్తెర సంగతి చెప్పాడు. "నేను పని చెయ్యనమ్మా. మా అన్నయ్య చేస్తాడు. నేను కూర్చుంటా, అంతే. ఆయన చెయ్యి ఇంకెన్నాళ్ళు ఆగుతుందో తెలీదు," అని తల వంచి ఆ అడవి చూపించాడు.

"మీ అన్నయ్యగారు చేశాక తిరిగి వచ్చేస్తారు కదా?"

బావ నోరు తెరిచి, మూసి, లోపల రెండు మాటల్నీ వెతుక్కుని, చివరికి తల ఊపాడట. నిలువుగా ఊపాడో అడ్డంగా ఊపాడో తనకే తెలియదట.

ఆ రోజునుంచి ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వీసా వస్తుందంటే వస్తుందంటాడు, రాదంటే రాదంటాడు. అవతల పెద్దబావ ఫోను పట్టుకుంటే జారి పడుతోందని, పక్కింటావిడ ఆయన చెవి దగ్గర పట్టుకుంటోంది. చివరికి ఒక పొద్దున కవరొచ్చింది. అక్క చించి చూసి, బావ సంచీ సర్దడం మొదలుపెట్టింది. వీసా వచ్చింది.

వెళ్ళాడు, వచ్చాడు. బస్టాండులో దిగిన మనిషిని చూసి నేను పక్కకి తిరిగి నోరు మూసుకున్నాను. కుడివైపు మెట్లు, ఎడమవైపు మైదానం, నడినెత్తిన ఒక దీవి. ఎడమ చెవి మీద ఒక చిన్న ప్లాస్టర్.

"తల తిప్పావా?" అన్నాను.

"నేను తిప్పలేదురా."

ఇంటికి నడుస్తూ కాస్త కాస్తగా చెప్పాడు. మధ్యాహ్నమంతా పట్టిందట. మధ్యమధ్య అన్నయ్య ఆగి, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఊపిరి తీసుకునేవాడట. అంతా అయ్యాక వెనక అద్దం పట్టుకుని "బాగుందట్రా?" అన్నాడట. "ఆయన చేతిలో అద్దం ఆగలేదురా. అందులో నా తల కనబడితే కదా, బాగుందో లేదో చెప్పడానికి," అన్నాడు బావ. మరి ఏం చెప్పావంటే మాత్రం సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

మర్నాడు షాపు తెరవగానే పక్కవీధి సెలూన్ మాస్టర్ని నేనే పిలుచుకొచ్చాను. "కూర్చో బావా, సరిచేస్తాడు. ఈ తలతో నువ్వు కత్తెర పట్టుకుంటే ఇక్కడికి ఎవడైనా వస్తాడా?"

అప్పటికే బ్యాంకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అద్దంలోంచి బావ తల చూసి, "అబ్బే, గొర్రె మేసి వదిలేసినట్టుంది మాస్టారూ," అన్నాడు.

"అవునండీ," అన్నాడు బావ, దువ్వెన తడుపుతూ.

"చెప్తున్నాడుగా ఆ అబ్బాయి, సరిచేయించుకోండి మరి."

"వద్దండీ."

ఆ మాట నేను నేర్పింది కాదు. పక్కవీధి మాస్టర్ నా మొహం చూశాడు, నేను బావ మొహం చూశాను. బావ అప్పటికే బ్యాంకాయన తలని రెండు వేళ్ళతో ముందుకి వంచి, చెవి పక్కన కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు.